పచ్చబడిందంటే ఏ పచ్చ?

"అమ్మా, కరివేపాకు చెట్టు మొత్తం పచ్చబడిపోయిందే" అన్నాను ఫోన్లో.

"మంచిదేగా! మొన్నటిదాకా బాలేదన్నావు" అంది అమ్మ.

తప్పు ఆవిడది కాదు. మన భాషలో చేలూ పచ్చే, కామెర్లూ పచ్చే. సక్సెస్‌కీ ఫెయిల్యూర్‌కీ ఒకటే రిటర్న్ కోడ్ ఇచ్చే ఫంక్షన్ని ఎవడైనా రివ్యూలో పాస్ చేస్తాడా? మన పూర్వీకులు చేసేశారు. "ఆ పచ్చ కాదే, పసుపుపచ్చ" అని వివరించాక అమ్మ గొంతు మారింది. "అయ్యో, అది వాళ్ళ చెట్టు కదరా!" అంది.

అవును, అది వాళ్ళ చెట్టు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

నేనుండేది షికాగో పక్కన నేపర్‌విల్లో. ఇక్కడికొచ్చిన కొత్తలో నాకు కారు నేర్పి, అపార్టుమెంటు వెతికిపెట్టి, మొదటి చలికాలం ఏ కోటు కొనాలో చెప్పింది మా ఆఫీసులో ఒక సీనియర్. నేను అన్నా అని పిలుస్తాను. 2022 నవంబరులో అన్న ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వాళ్ళకి ఆ తర్వాత ఉండేది 60 రోజులు. ఈ సంగతి మీలో చాలామందికి చెప్పక్కర్లేదు, మీకు కాకపోతే మీ పక్క క్యూబ్ వాడికి జరిగే ఉంటుంది. ఇంటర్వ్యూలు తిరిగాడు, రెండు చోట్ల చివరి రౌండుదాకా వెళ్ళాడు, రాలేదు. 2023 జనవరిలో సామాన్లు అమ్మేశారు. సోఫా, టీవీ, కారు, పిల్లాడి సైకిలు కూడా. ఒక్క కరివేపాకు చెట్టు దగ్గర మాత్రం వదిన ఒప్పుకోలేదు. "అది వీడితోపాటు పెరిగింది, అమ్మను" అంది. వాళ్ళ బుడ్డోడు పుట్టిన ఏడాది, 2016లో, ఎవరో ఇచ్చిన పిలక తెచ్చి పెట్టిందట. అలా నాలుగడుగుల చెట్టు, కుండీతో సహా, దుప్పటి చుట్టించుకుని నా కారు వెనక సీట్లోకి వచ్చింది. "జాగ్రత్త బాబాయ్, అది నాది" అని బుడ్డోడు వార్నింగు కూడా ఇచ్చాడు.

కరివేపాకు చెట్టుకి ఇంత సీనేంటి అని ఇండియాలో ఉన్నవాళ్ళు అనుకోవచ్చు. మీకు కూరగాయలవాడు కొసరుగా పడేస్తాడు. ఇక్కడ గుప్పెడు ఆకు ప్యాకెట్టు కొనుక్కోవాలి. ఇండియా నుంచి తాజా ఆకు తెద్దామంటే ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారు. దానికి కారణం ఉంది. కరివేపాకుది నిమ్మ, నారింజల కుటుంబం. నారింజ తోటల్ని చంపే గ్రీనింగ్ తెగులుని మోసే సిల్లిడ్ అనే నువ్వుగింజంత పురుగుకి కరివేపాకు మహా ఇష్టం. ఆ పురుగు ఫ్లోరిడాలో 1998లో కనిపించింది, తెగులు 2005లో. 2003-04లో దాదాపు 24 కోట్ల పెట్టెల నారింజలు పండించిన రాష్ట్రం 2023-24లో 2 కోట్లకి దిగువకి పడిపోయింది. తుఫాన్ల పాత్ర కూడా ఉందనుకోండి, కానీ పెద్ద దెబ్బ తెగులుదే. ఆ పురుగున్న రాష్ట్రాల నుంచి కరివేపాకు మొక్కల్ని బయటికి పంపడానికి కూడా ఆంక్షలున్నాయి. కాబట్టి బతికున్న చెట్టు ఇంట్లో ఉండటం ఇక్కడ కాస్త హోదా కిందే లెక్క.

(చెట్టు గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. దాని శాస్త్రీయ నామం ముర్రయా కోనిగీ. ఆ కోనిగ్ గారు లిన్నేయస్ శిష్యుడు, మన వైపు మొక్కల మీద పనిచేసి 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే పోయారు. పోపులో చిటపటలాడే ఆకు వెనక ఇంత కథ ఉందని కాకినాడ స్నేహితుడికి చెప్తే "ఆయనకి కాజా పెట్టారో లేదో" అన్నాడు.)

2023 వేసవిలో చెట్టు బ్రహ్మాండంగా ఉంది. బాల్కనీలో ఎండ, వాన. నేను చేసిందేం లేదు. అయినా ఫోటోలు తీసి అందరికీ పంపి, నా చేతి చలవ అని చెప్పుకున్నాను. అక్టోబరులో లోపలికి తెచ్చి, బాల్కనీ అద్దాల తలుపు పక్కన నేల మీద పెట్టాను.

డిసెంబరులో మొదలయ్యింది. కింద రెమ్మలు పండిపోయి, తాకితే చాలు జలజలా రాలిపోవడం. పైన ఉన్న లేత చిగుళ్ళేమో ఇంకో రకంగా వెలిసిపోవడం.

సరిగ్గా అదే టైములో మా ఆఫీసులో కూడా "రీఆర్గ్" అనే మాట వినపడటం మొదలయ్యింది. ఇంటి నుంచే పని. ఎవరైనా మేనేజరు పావుగంట మీటింగు ఇన్వైట్ పంపితే గుండె జారేది. కాల్ అయ్యాక కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తోచక, వంటింట్లోకెళ్ళి గ్లాసు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు చెట్టుకి పోసి వచ్చేవాణ్ణి. రోజుకి నాలుగైదు కాల్స్. లెక్క మీరే వేసుకోండి.

ఆకులు పండేసరికి నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఒక్క వారంలో, వరసగా: నీళ్ళు ఇంకొంచెం పెంచాను. అమ్మ చెప్పిందని పుల్లమజ్జిగ పోశాను. నెట్లో ఎవరో చెప్పారని ఎప్సమ్ సాల్ట్ వేశాను. ఆఫీసులో ఇంకొకాయన చెప్పాడని నీలం రంగు ఎరువు కలిపాను. చలికేమో అని కుండీని హీటర్ గాలి వచ్చే చోటుకి జరిపి, గాలికి ఆకులు ముడుచుకుంటే మళ్ళీ నేల మీదకే తెచ్చాను. ప్రొడక్షన్లో బగ్ వస్తే ఒక్కసారి ఒక్క మార్పే చెయ్యాలి, ఏం మార్చామో రాసిపెట్టుకోవాలి అని కొత్తగా చేరిన పిల్లలకి క్లాసులు పీకేది నేనే. ఆ వారం చివరికి ఇంట్లో మజ్జిగ కంపు, కుండీ చుట్టూ చిన్న చిన్న ఈగలు. ఆకులు రాలడం మాత్రం ఆగలేదు. మజ్జిగ తప్పనట్లేదు లెండి. ఊళ్ళో పెరట్లో, ఎండలో, నేలలో ఉన్న చెట్టుకది వేరు. తలుపులన్నీ మూసిన అపార్టుమెంటులో కుండీకి పోస్తే వాసన భరించాల్సింది మనమే.

2024 సంక్రాంతి జనవరి 15న వచ్చింది. ఇక్కడ ఆ రెండు మూడు రోజులూ ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కిందకి పోయింది. మన లెక్కలో మైనస్ 18 కంటే తక్కువన్నమాట. అన్న పండక్కి ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఉద్యోగం దొరికింది, మియాపూర్లో ఉంటున్నారు. మాటల మధ్యలో బుడ్డోడు ఫోన్ లాక్కుని "బాబాయ్, నా చెట్టు చూపించు" అన్నాడు. వీడియో ఆన్ చేసే ధైర్యం లేదు. "నెట్ సరిగ్గా లేదురా, ఫోటో పంపిస్తా" అని పెట్టేసి, జులైలో తీసిన ఫోటో ఒకటి పంపాను. నిగనిగలాడుతూ ఉన్న చెట్టు. బుడ్డోడు చప్పట్ల బొమ్మలు పంపాడు. అన్న ఏమీ అనలేదు, ఒక బొటనవేలు పెట్టాడంతే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడ రాత్రంటే అక్కడ పగలు కాబట్టి గూడూరు దగ్గర నిమ్మతోట ఉన్న మా మావయ్యకి ఫోన్ చేశాను. ముందే చెయ్యాల్సింది. నిమ్మా, కరివేపాకూ ఒకటే కుటుంబమని అప్పటికే చదివి కూడా నాకు తట్టలేదు.

"ఏరా అల్లుడూ, పండేది పాతాకా, కొత్తాకా?" అన్నాడు మొట్టమొదట.

"రెండూ మావయ్యా."

"రెండూ ఒకేలా పండుతున్నాయా? కొత్తాకులో ఈనె ఏ రంగులో ఉంది?"

వెళ్ళి టార్చి వేసి చూశాను. కింది పాతాకులు మొత్తంగా, ఈనెలతో సహా, పసుపు. పై లేతాకుల్లో ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, మధ్యలో ఖాళీ మాత్రం వెలిసిపోయింది, ఆకుపచ్చ దారంతో అల్లిన వలలాగా. నెల రోజులుగా ఆ ఆకుల్ని చూస్తున్నాను కానీ ఒక్కసారి కూడా ఇలా చూడలేదు.

"అయితే నీకున్నవి రెండు జబ్బులు. ఒకటనుకుని మందేస్తున్నావు" అన్నాడు మావయ్య.

ఇందులో లాజిక్ నాకు తర్వాత అర్థమయ్యింది. నత్రజని, మెగ్నీషియం లాంటివి చెట్టు లోపల ఒకచోట నుంచి ఇంకోచోటికి కదులుతాయి. కొరత వస్తే చెట్టు ముసలాకుల్లోంచి పీకి చిగుళ్ళకి పంపిస్తుంది, పాత ప్రాజెక్టులోంచి మనుషుల్ని లాగి కొత్తదాంట్లో వేసినట్టు. అందుకని అవి తక్కువైతే ముందు పాతాకు పండుతుంది. నత్రజని లోపమైతే ఆకు మొత్తం, మెగ్నీషియమైతే ఎక్కువగా ఈనెల మధ్య. ఇనుము అలా కదలదు. ఒక ఆకులో చేరిందంటే అక్కడే సెటిలు. కాబట్టి ఇనుము అందకపోతే దెబ్బ తగిలేది కొత్తాకుకి. ఇక వేళ్ళు నీళ్ళలో నానితే ఊపిరాడక ఏదీ పీల్చుకోలేవు, కింది ఆకులు పండి రాలుతాయి. ఎరువెయ్యాలా మానాలా అన్నది కూడా దీన్ని బట్టే. కుళ్ళిన వేళ్ళకి ఎరువు పోయడమంటే, విరేచనాలతో పడుకున్నవాడికి బిర్యానీ పెట్టడమే.

"ఎర్రనల్లి ఉందేమో కూడా చూడు. ఆకు కింద తెల్లకాయితం పెట్టి కొట్టు, చుక్కలు పాకితే అదే" అన్నాడు. హీటర్ల వల్ల గాలి పొడిబారే ఇళ్ళలో ఇది మామూలే. కొట్టి చూశాను, దుమ్ము తప్ప ఏం పాకలేదు. ఒకటి తగ్గింది.

శనివారం పొద్దున చెట్టుని బాత్‌టబ్‌లోకి ఎత్తాను. ఎత్తగానే సగం విషయం తెలిసిపోయింది. నీళ్ళు నిండిన బకెట్టంత బరువుంది. కింది పళ్ళెంలో అంగుళం నీళ్ళు. వంటింటి థర్మామీటర్ మట్టిలో గుచ్చితే 55 ఫారెన్‌హీట్, సుమారు 13 సెల్సియస్ చూపించింది. గదిలో 70 ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను, చెట్టు కాళ్ళేమో చల్లటి బురదలో ఉన్నాయి. కుండీ తిప్పి లాగితే వచ్చిన వాసన మురుక్కాలవది. పైన వేళ్ళు గట్టిగా, లేత రంగులో బాగానే ఉన్నాయి. కింద మూడో వంతు గోధుమరంగు తిరిగి, పట్టుకుని లాగితే పైతోలు ఊడి చేతికొచ్చి లోపల దారం మిగిలింది. కత్తెరని స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడ్డవన్నీ కత్తిరించాను. కత్తిరించినంతసేపూ బుడ్డోడు పక్కనే నిలబడి చూస్తున్నట్టే అనిపించింది.

వేళ్ళు తగ్గాయి కాబట్టి కుండీ కూడా చిన్నది తీసుకున్నాను. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, ఆరదు. మట్టి, పెర్లైటు, పైన్ బెరడు ముక్కలు సమానంగా కలిపాను. నీళ్ళు ఒక్కసారి పోసి పూర్తిగా కారనిచ్చి, నేల మీద కాకుండా ఒక స్టూలు మీద, ఎండొచ్చే వైపు పెట్టాను. ఎరువులు బంద్. ఇక నీళ్ళు గ్లాసు లెక్కన కాదు, కుండీ ఎత్తి చూసి, తేలికైతేనే. చలికాలంలో అది పన్నెండు, పదిహేను రోజులకోసారి వచ్చింది. నేను అప్పటిదాకా రోజుకి నాలుగుసార్లు పోశాను.

కాల్ అయ్యాక గ్లాసు పట్టుకుని లేవడం మాత్రం మానలేకపోయాను. లేచి, చెట్టు దాకా వెళ్ళి, నేనే తాగి వచ్చేవాణ్ణి.

ఫిబ్రవరి చివరికి ఒక్క ఆకు లేదు. పుల్ల. ఇంటికొచ్చిన స్నేహితులు "పడెయ్యక ఎందుకురా" అన్నారు. మావయ్యకి చెప్తే "గోరుతో బెరడు గీరి చూడు, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే" అన్నాడు. ఏ పచ్చ అని ఈసారి నేనే అడిగాను. ఆయన నవ్వి "ఆకుపచ్చరా" అన్నాడు. పై కొమ్మ గీరితే గోధుమరంగు. ఇంకొంచెం కింద గీరితే అక్కడా గోధుమే. మొదలు నుంచి జానెడు పైన గీరితే సన్నటి ఆకుపచ్చ గీత. చచ్చిన పైభాగం కోసేశాను. నాలుగడుగుల చెట్టు అడుగున్నర అయ్యింది.

ఏప్రిల్ రెండో వారంలో పక్క నుంచి మొటిమంత చిగురొచ్చింది. తర్వాత ఇంకో రెండు. ఆ పొద్దున ఆఫీసు స్టాండప్‌లో ఎవడో "ఏంటి, ఇవాళ హుషారుగా ఉన్నావు" అన్నాడు కూడా. కానీ ఆకులు విచ్చుకునేసరికి మళ్ళీ అదే ఆకుపచ్చ వల, మధ్యలో పసుపు. మొదటి బగ్ పోయింది కాబట్టి రెండోది ఒంటరిగా, స్పష్టంగా కనిపిస్తోంది.

మావయ్య వాళ్ళ తోటలో దీనికి వాడేది అన్నభేది. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొడతారు. అన్నభేదంటే ఫెర్రస్ సల్ఫేటు, నిమ్మ ఉప్పంటే సిట్రిక్ యాసిడ్. "నిమ్మ ఉప్పు ఎందుకు?" అంటే "లేకపోతే పనిచెయ్యదు, మా నాన్న కాలం నుంచీ అంతే" అన్నాడు. కారణం పుస్తకంలో దొరికింది. మట్టిలో ఇనుము సాధారణంగా ఉంటుంది. క్షారగుణం పెరిగితే అది వేళ్ళకి అందని రూపంలోకి మారిపోతుంది. నిమ్మ ఉప్పు దాన్ని కరిగిన రూపంలో పట్టి ఉంచుతుంది. కాగితం పట్టీలతో మా కుళాయి నీళ్ళు చూస్తే పీహెచ్ 8 దగ్గరుంది. ఏడెనిమిదేళ్ళుగా ఆ నీళ్ళే పోస్తూ ఉంటే కుండీ మట్టి ఎటు పోతుంది? మట్టి కొత్తది వేసినా పాత వేళ్ళ చుట్టూ ఉన్న ముద్ద పాతదే, పైగా మళ్ళీ అవే నీళ్ళు.

ఉన్నవే నాలుగు లేతాకులు, వాటి మీద ఏదైనా కొట్టి మాడిస్తే ఇక దిక్కులేదని నేను మట్టిలో పోసే చీలేటెడ్ ఐరన్ కొన్నాను. ఇందులోనూ తిరకాసుంది. డబ్బా మీద చీలేటెడ్ అని ఉంటే చాలదు. ఈడీటీఏ రకం పీహెచ్ ఆరున్నర దాటితే చేతులెత్తేస్తుంది, డీటీపీఏ ఏడు, ఏడున్నర దాకా నిలుస్తుంది, ఈడీడీహెచ్ఏ రకం తొమ్మిదిలో కూడా పనిచేస్తుంది. నీళ్ళలో కలిపితే ఎర్రగా, చిక్కటి టీ డికాషన్‌లా ఉంటుంది. ధర ఎక్కువే. డబ్బా మీద రాసిన మోతాదులో సగం పోశాను, ఒక్కసారి. ఇంకేం మార్చలేదు, తేదీ కూడా రాసిపెట్టుకున్నాను. దాంతోపాటు బాల్కనీలో బకెట్టు పెట్టి వాన నీళ్ళు పట్టడం మొదలుపెడదామని చెయ్యి లాగింది కానీ, ఆగాను. మూడు వారాలకి కొత్తగా వచ్చిన రెమ్మ నిండు ఆకుపచ్చ. అది చూశాకే బకెట్టు పెట్టాను.

మే నెలలో అన్నకి నేనే ఫోన్ చేశాను. మొత్తం చెప్పేశాను. నీళ్ళు, కుళ్ళిన వేళ్ళు, నాలుగడుగులు అడుగున్నర అవడం. చివరికి, సంక్రాంతికి పంపిన ఫోటో పాతదని కూడా.

"తెలుసురా" అన్నాడు.

"ఎలా అన్నా?"

"ఫోటోలో బాల్కనీ అవతల మేపుల్ చెట్టు నిండా ఆకులున్నాయి. జనవరిలో మీ నేపర్‌విల్లో ఏ చెట్టుకి ఆకులుంటాయిరా? పదేళ్ళున్నాను నేనక్కడ."

నాకు మాట రాలేదు. "మరి అప్పుడే అడగలేదేం?" అన్నాను కాసేపాగి.

"మీ ఆఫీసులో ఏం నడుస్తోందో నాకు అప్పటికే వినపడింది. నీ గొంతు కూడా బాలేదు. చెట్టు గురించి ఏం అడుగుతాంలే అనుకున్నా" అన్నాడు. తర్వాత "మీ వదినకి మాత్రం చెప్పలేదు. ఆ అడుగున్నర సంగతి నువ్వే చెప్పుకో" అని ఫోన్ ఆవిడకిచ్చేశాడు :)

వదిన పెద్దగా ఏమీ అనలేదు. "నేనున్నప్పుడూ ఒకసారి అలాగే మోడైంది, పైనంతా నేనే కోసేశాను. కొయ్యకపోతే గుబురెక్కదు" అంది. ఇంతకీ రెమ్మలు కోసి వాడుకుంటున్నావా అని అడిగింది. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా కొయ్యలేదని, వాళ్ళది కదా అని కొట్లో ప్యాకెట్లే కొంటున్నానని చెప్తే చాలాసేపు నవ్వింది.

నా ఉద్యోగం ఆ రీఆర్గ్‌లో మిగిలింది. నా టీములో ఇద్దరివి మిగల్లేదు.

ఇప్పుడు చెట్టు మళ్ళీ మూడడుగులకి వచ్చింది, ఈసారి నాలుగు కొమ్మలతో. చలికాలం వస్తే కింద కొన్ని రెమ్మలు ఇప్పటికీ పండుతాయి. కుండీ ఎత్తి చూస్తాను, బరువుంటే ఏమీ చెయ్యను. మొన్న పప్పులోకి రెండు రెమ్మలు కోసి, చెట్టు పక్కన నిలబడి ఫోటో తీసుకుని బుడ్డోడికి పంపాను. వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు. వెంటనే రిప్లై వచ్చింది: "బాబాయ్, ఇవాళ్టి డేటున్న పేపరు పట్టుకుని ఇంకోటి పంపు."